చన్నుల మీద పెచ్చులు, పాలల్లో తరకలు: ఇది వైరస్సా, బాక్టీరియానా?

పదకొండావులు (మొదటి రోజు, ఉదయం 6:40)

అందరికీ నమస్కారం. నా షెడ్డులో పదకొండు పాడి ఆవులున్నాయి. పది రోజుల కిందట మూడింటికి చన్నుల మీద ఎర్ర మచ్చలు లేచాయి. రెండు రోజుల్లో చిన్న పొక్కులయ్యాయి, ఇప్పుడు పెచ్చు కట్టాయి. పెచ్చు మధ్యలో ఊడిపోయి అంచు మాత్రం గుర్రపు నాడాలా మిగులుతోంది. చెయ్యి వేస్తే తన్నుతున్నాయి.

ఆ మూడింట్లో రెండో ఈత ఆవు ఒకటుంది, ఈని నెల దాటింది. నాలుగు రోజులుగా దానికి వెనక కుడి చన్ను వైపు పొదుగు గట్టిపడింది, మొదటి ధారల్లో తరకలు పడుతున్నాయి. జ్వరం లేదు, మేత బాగానే తింటోంది. పోయినసారి మిగిలిన మందు ట్యూబులు (చన్ను రంధ్రంలోంచి పొదుగులోకి ఎక్కించే యాంటీబయాటిక్) రెండుంటే రెండు పూటలా ఎక్కించాను. ఒక రోజు పాలు తేటపడ్డాయి, మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చింది. ఒకాయన "ఇది వైరస్, దీనికి మందు లేదు" అంటాడు. ఇంకొకాయన "మామూలు పొదుగు వాపే, ఇంకో రకం ట్యూబు వెయ్యి" అంటాడు. ఎవరి మాట వినాలి?

ఇంకోటి, నా చూపుడువేలి మీద ఎర్రటి బుడిపె ఒకటి లేచింది. నొప్పి పెద్దగా లేదు గానీ టెన్షన్‌గా ఉంది.

గడ్డివామి (ఉదయం 7:15)

అన్నా, వేలి బుడిపెకి భయపడకు. ఆ పెచ్చులున్న ఆవుల్ని పితికితే వస్తుంది. నాకూ వచ్చింది, నెలన్నరకి దానంతటదే రాలిపోయింది. గిల్లొద్దు. డాక్టరుకి చూపించేటప్పుడు మాత్రం ఆవుల సంగతి కూడా చెప్పు, లేకపోతే కురుపనుకుని కోస్తారు.

మూగజీవి_వైద్యం (ఉదయం 9:05)

నేను పశువైద్యుణ్ణి. చూడకుండా నిర్ధారణ చెప్పను, కానీ మీరు రాసింది చదివితే ఇక్కడ రెండు జబ్బులున్నాయి, ఒకటి కాదు. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ సగం సగం కరెక్టే.

చన్ను తోలు మీద ఉన్నది ఒక జబ్బు. నాడా ఆకారపు పెచ్చు, మూడు ఆవులకి ఒకేసారి రావడం, పితికే మనిషి వేలి మీద బుడిపె. ఈ మూడూ కలిస్తే నా మొదటి అనుమానం సూడో కౌపాక్స్. పారాపాక్స్ జాతి వైరస్ అది. గొర్రెల మూతి పుండ్ల వైరస్‌కి దగ్గరి చుట్టం. చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా, మెషీన్ గొట్టాల ద్వారా ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి పోతుంది. దాన్ని చంపే మందు లేదన్నది నిజమే. ఒక్కో పుండు కొన్ని వారాల్లో మానిపోతుంది. అయితే రోగనిరోధక శక్తి కొన్ని నెలలకి మించి నిలవదు కాబట్టి అదే మందలో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది.

పొదుగు లోపల ఉన్నది రెండో జబ్బు. తరకలు, గట్టిదనం, ట్యూబు వేస్తే తగ్గి మళ్ళీ రావడం చూస్తే దాదాపుగా బాక్టీరియా పనే. సూడో కౌపాక్స్ పొదుగు లోపలికి వెళ్ళి తరకలు తెప్పించదు. అది తలుపు తీసిపెడుతుంది, అంతే. చన్ను మొనమీద పుండుంటే ఆ పెచ్చు కింద స్టాఫైలోకాకస్ (స్టాఫ్) లాంటి బాక్టీరియా లక్షల్లో కాపురం పెడతాయి. పైగా నొప్పికి ఆవు తన్నుతుంది, మనం పూర్తిగా పితకలేక వదిలేస్తాం. మెషీనైతే జారి గాలి పీల్చి, ఆ విసురుకి పాల తుంపరలు వెనక్కి చన్నులోకి కొడతాయి. ఇక లోపలికి వెళ్ళడానికి కష్టమేముంది?

ముందు ఇవి చెప్పండి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లున్నాయా? చొంగ కారుస్తున్నాయా? ఒంటి మీద గడ్డలున్నాయా? ట్యూబు వేసి ఎన్ని రోజులైంది? ఇక ఆ మిగిలిపోయిన ట్యూబుల డబ్బా ఎక్కడుందో అక్కడే ఉంచండి, ఇంకోటి వేయకండి.

పదకొండావులు (ఉదయం 9:50)

నోరు, గిట్టలు శుభ్రంగా ఉన్నాయి డాక్టర్ గారూ. గడ్డలు లేవు. ఆఖరి ట్యూబు వేసి రెండు రోజులైంది.

మూగజీవి_వైద్యం (ఉదయం 10:20)

మంచిది. నోరు, గిట్టలు అడిగింది గాలికుంటు కాదని తేల్చుకోవడానికి. గాలికుంటులో కూడా చన్నుల మీద నీటిపొక్కులు వస్తాయి, పగిలాక పొదుగు వాపు వెంటబడుతుంది. కానీ నోరూ గిట్టా వదిలి చన్నుని మాత్రమే పట్టుకోవడం అరుదు. లంపీ స్కిన్ అనే వైరస్ జబ్బయితే జ్వరం, ఒళ్ళంతా గుండ్రటి గట్టి గడ్డలు. చన్ను తోలు పెద్ద పెద్ద ముక్కలుగా నీలంగా మారి, ఊడి, నల్లటి పెచ్చు కడితే అది హెర్పిస్ జాతి వైరస్ (బోవైన్ హెర్పిస్ 2). ఎక్కువగా మొదటి ఈత పడ్డల్లో, చల్లటి కాలంలో చూస్తాం, చాలా నొప్పి. పులిపిర్లు వేరే సంగతి. బియ్యపు గింజల్లా, పీచుల్లా ఉంటాయి. చన్ను కొన మీద లేవకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు.

గాలికుంటు, లంపీ రెంటిలో ఏది అనిపించినా వెంటనే పశువైద్య శాఖకి తెలియజేయాలి, ఆవుల్ని కదిలించకూడదు.

నలభై_ఈతలు (మధ్యాహ్నం 12:30)

చిన్నప్పటి నుంచి పాడిలోనే ఉన్నా. పరీక్షలు, వేరే వేరే పేర్లు... మా కాలంలో ఇవేవీ లేవు. తరక కనపడితే నాలుగు చన్నుల్లోనూ నాలుగు ట్యూబులు, మూడు రోజులు. నూటికి ఎనభై తగ్గేవి. తగ్గనిది అమ్మేసేవాళ్ళం. ఈ డాక్టర్లు మాటలతోనే నాలుగు రోజులు గడిపేస్తారు.

పెట్రీపళ్ళెం (మధ్యాహ్నం 1:10)

పెద్దాయనా, గౌరవంతోనే చెబుతున్నా. నేను పాల శాంపిళ్ళు చూసే ల్యాబులో పని చేస్తాను. తగ్గిన ఆ ఎనభైలో చాలా భాగం ట్యూబు వేయకపోయినా తగ్గేవే. ఈ.కోలై అనే బాక్టీరియా తెచ్చే తేలికపాటి వాపుని ఆవు తనంతట తనే చంపేసుకుంటుంది. మనకి తరక కనపడేసరికే లోపల బాక్టీరియా చచ్చి ఉంటుంది. అందుకే చాలా శాంపిళ్ళలో, బాక్టీరియాని పెంచి చూసే ల్యాబు ప్లేటు మీద ఏమీ మొలవదు. ల్యాబుకి పని రాదని తిట్టుకుంటారు గానీ, మొలవకపోవడం కూడా ఒక జవాబే.

బాగున్న మూడు చన్నుల్లోకి కూడా ట్యూబు దూర్చడం గురించి ఒక మాట. చన్ను రంధ్రం లోపలి గోడకి కెరటిన్ అనే మైనం లాంటి పూత ఉంటుంది. అదే మొదటి కాపలా. ట్యూబు ముక్కుని మొదలంటా తోస్తే ఆ పూతని గీసుకుంటూ పోతాం, చన్ను కొన మీదున్న మురికిని మనమే లోపలికి మోసుకెళ్తాం. ట్యూబు వేయాల్సి వచ్చినా కొన వరకే, మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. సరిగా తుడవకుండా పదే పదే ట్యూబులు వేసిన పొదుగుల్లో ఈస్టు పెరగడం నేనే చూశాను. దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు.

పదకొండావులు గారూ, శాంపిల్ తీయండి. మామూలుగా ట్యూబు వేయకముందే తీయాలి. మీరు ఇప్పటికే వేశారు కాబట్టి డాక్టరు గారిని అడిగి కొన్ని రోజులు ఆగి తీస్తే మేలు, లేదంటే మందు అడ్డుపడి ఏమీ మొలవక "ఏమీ లేదు" అని వస్తుంది. తీసే తీరు: చెయ్యి కడుక్కోండి. చన్ను పొడిగా తుడవండి. మొదటి మూడు నాలుగు ధారలు పారబోయండి. చన్ను కొనని 70 శాతం స్పిరిట్ దూదితో, దూది తెల్లగా వచ్చేదాకా రుద్దండి. శుభ్రమైన సీసాని ఏటవాలుగా పట్టుకోండి, నిలువుగా పడితే పొదుగు మీది దుమ్ము అందులోనే రాలుతుంది. నాలుగు చన్నుల్నీ తీసేటప్పుడు అవతలి చన్నుల్ని ముందు తుడిచి, ఇవతలివాటి నుంచి ముందు పాలు పట్టాలి. అప్పుడు తుడిచిన దానికి చెయ్యి తగలదు. వెంటనే ఐసులో పెట్టండి. రెండు మూడు ధారలు చాలు, లీటరు సీసా తెస్తారు కొందరు!

మబ్బుల_వేళ (సాయంత్రం 4:45)

"ఆవే చంపేసుకుంటుంది" అన్న మాట చదివి ఎవరూ ధీమాగా కూర్చోకండి. నేను అలాగే కూర్చుని ఒక ఆవుని పోగొట్టుకున్నాను.

ఈనిన అయిదో రోజు. రాత్రి పాలు మామూలే. తెల్లారి చూస్తే ఒక చన్ను పాలు పసుపు నీళ్ళలా ఉన్నాయి, తరక కూడా లేదు. చెవులు చల్లగా, కళ్ళు గుంటలు పడి, లేవడానికి బద్ధకం. పాలజ్వరమేమో (ఈనాక కాల్షియం పడిపోయే జబ్బు) అనుకున్నాం. వచ్చినాయన కాల్షియం ఎక్కించి వెళ్ళాడు, పొదుగు ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి పడుకుంది, రాత్రికి పోయింది. తర్వాత తెలిసింది, అది ఈ.కోలై అని.

అందుకే నాకు తరకల కంటే నీళ్ళపాలంటేనే ఎక్కువ భయం.

మూగజీవి_వైద్యం (సాయంత్రం 6:00)

అమ్మా, మీ అనుభవం అందరూ చదవాలి. ఈ.కోలై, క్లెబ్సియెల్లా పేడలో, రొచ్చులో, తడిసిన రంపపు పొట్టులో పెరిగేవి. ఆవు పడుకున్న చోటి నుంచి ఎక్కుతాయి. వీటి విషం వీటి గోడలోనే ఉంటుంది. చచ్చేకొద్దీ అది రక్తంలోకి వస్తుంది. ఈనిన కొత్తలో ఆవు తెల్లకణాలు మందకొడిగా ఉంటాయి కాబట్టి అవి వచ్చేలోపు బాక్టీరియా కోట్లకి పెరుగుతుంది. అప్పుడు ప్రాణాన్ని నిలబెట్టేది ట్యూబు కాదు, నీళ్ళు. నరానికి 7.2 శాతం ఉప్పు సెలైన్ కొద్దిగా వేగంగా ఎక్కించి, వెంటనే బకెట్ల కొద్దీ తాగడానికి నీళ్ళిస్తాం. తాగకపోతే గొట్టంతో కడుపులోకి పోస్తాం. మెలోక్సికామ్ లాంటి వాపు మందు, కాల్షియం అవసరమైతే కాల్షియం. ఇలాంటి తీవ్రమైన కేసులో ఒంటికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా ఇస్తాం, ఎందుకంటే బాక్టీరియా రక్తంలోకి దిగే ప్రమాదం ఉంది.

ఈనిన ఆవు పడిపోతే పాలజ్వరమని తేల్చేముందు నాలుగు చన్నులూ ఒక ధార చొప్పున నల్లటి పళ్ళెంలో పిండి చూడండి. అర నిమిషం పని. ఆ రోజు వచ్చినాయన చేయాల్సింది అదే.

వార్తల_పిచ్చి (రాత్రి 8:20)

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. వైరస్ పొదుగు లోపలికి వెళ్ళదని డాక్టరు గారు అన్నారు. మరి అమెరికాలో పక్షుల ఫ్లూ ఆవుల పాలల్లో దొరికిందని చదివానే?

మూగజీవి_వైద్యం (రాత్రి 9:10)

బాగా పట్టుకున్నారు. నేనన్నది సూడో కౌపాక్స్ గురించి. హెచ్5ఎన్1 కథ వేరు. 2024 మార్చి 25న టెక్సాస్, కాన్సాస్ ఆవుల్లో దాన్ని నిర్ధారించారు. అప్పటిదాకా ఫ్లూ అంటే ఊపిరితిత్తుల జబ్బని పాఠం చెప్పిన మాకందరికీ అది తలకిందులు. ఆ వైరస్ అతుక్కోవడానికి కావలసిన కొక్కేలు పొదుగులో పాలు తయారు చేసే కణాల మీద దండిగా ఉన్నాయి. ఆవు పెద్దగా దగ్గదు, మేత తగ్గిస్తుంది, పాలు ఒక్కసారిగా పడిపోతాయి, మిగిలిన పాలు ముర్రుపాలలా చిక్కగా పసుపుగా వస్తాయి. నాలుగు చన్నుల్లోనూ ఒకేలా ఉంటే మామూలు బాక్టీరియా కాదేమోనని అనుమానించాలి. పాలల్లో వైరస్ విపరీతంగా ఉంటుంది, మెషీన్ల ద్వారా మిగతా ఆవులకి పాకుతుంది. ఆ పచ్చిపాలు తాగిన షెడ్డు పిల్లులు చచ్చిపోయాయి. పితికేవాళ్ళలో కొందరికి కళ్ళు ఎర్రబడ్డాయి. పాశ్చరైజ్ చేస్తే వైరస్ చచ్చిపోతుంది.

తమాషా ఏమిటంటే ఫ్లూ వైరస్‌ని పొదుగులోకి ఎక్కిస్తే పెరుగుతుందని 1950లలోనే ప్రయోగాలు చేసి రాశారు. ఎవరూ పట్టించుకోలేదు.

పదకొండావులు గారి ఆవుకి ఒకే చన్ను, మేత బాగా తింటోంది కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు.

గడ్డివామి (రాత్రి 9:40)

వేళ్ళ బుడిపెల సంగతి వచ్చింది కాబట్టి... 1796లో జెన్నర్ మశూచికి టీకా తీసింది కూడా పాలు పితికే అమ్మాయి చేతి పొక్కు నుంచే కదా! మన చేతికొచ్చింది కూడా అదేనా డాక్టర్ గారూ? మశూచి ఇక రాదన్నమాట.

మూగజీవి_వైద్యం (రాత్రి 9:55)

అది అసలైన కౌపాక్స్. మీ వేలిది పేరులో మాత్రమే దాని చుట్టం, మశూచి నుంచి ఏ రక్షణా ఇవ్వదు. మశూచే లేదనుకోండి ఇప్పుడు.

పదకొండావులు (తొమ్మిదో రోజు, ఉదయం 11:00)

రిపోర్టు వచ్చింది. డాక్టరు గారు చెప్పినట్టు అయిదు రోజులాగి తీశాను. వెనక కుడి చన్ను: స్టాఫైలోకాకస్ ఆరియస్. పెన్సిలిన్‌కి లొంగదని రాశారు. లొంగే మందులు రెండున్నాయి.

ఈలోపు సీఎంటీ (కనపడని పొదుగు వాపుని పట్టే పాల పరీక్ష) ద్రావణం తెప్పించి అన్ని ఆవులకీ చేశాను. పాలు, ద్రావణం సమానంగా పోసి పది సెకన్లు తిప్పమన్నారు. పాలు చూడ్డానికి తెల్లగా, చక్కగా ఉన్న ఇంకో రెండు ఆవుల్లో ఒక్కో చన్ను జిగురులా చిక్కబడింది! అందులో ఒకటి నా షెడ్డులో ఎక్కువ పాలిచ్చే ఆవు. వాటి శాంపిళ్ళు కూడా పంపాను. నిద్ర పట్టట్లేదు.

పెట్రీపళ్ళెం (ఉదయం 11:40)

ఆ జిగురు తెల్లకణాల డీఎన్ఏ. ఆరోగ్యంగా ఉన్న చన్నులో మిల్లీలీటరుకి లక్షలోపు కణాలుంటాయి, రెండు లక్షలు దాటితే లోపల ఏదో ఉందని లెక్క. తరక కనపడే ఒక్క ఆవు వెనక కనపడనివి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. ఆరియస్ విషయంలో అసలు పంపిణీ చేసేవి అవే.

మూగజీవి_వైద్యం (మధ్యాహ్నం 2:15)

ఆరియస్ మొండిది. పొదుగు కండలో చిన్న చిన్న చీముగూళ్ళు కట్టుకుని, చుట్టూ గట్టి పొర పెరిగేలా చేసుకుని దాక్కుంటుంది. తెల్లకణం మింగినా దాని కడుపులోనే బతుకుతుంది. మందు అక్కడికి చేరదు. మీ ట్యూబుకి ఒక రోజు తగ్గి తిరిగి రావడానికి కారణం ఇదే. పైగా పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైము దీని దగ్గరుంది. మీరు వేసింది ఆ కుటుంబపు మందే అనుకుంటా.

అయినా మీ ఆవుకి అవకాశం ఉంది. చిన్న వయసు, ఒకే చన్ను, జబ్బు కొత్తది. ఇదే ఆరో ఈత ఆవైతే, మూడు చన్నులకి ఉంటే, నొక్కితే లోపల గోలీల్లాంటి గడ్డలు తగిలితే డబ్బు దండగ అని చెప్పేవాణ్ణి. రిపోర్టులో లొంగుతుందన్న మందుని మూడు రోజులు కాదు, అయిదు నుంచి ఎనిమిది రోజులు వేయాలి, ఎన్నాళ్ళనేది మీ డాక్టరు చూసి చెబుతారు. అన్ని రోజులూ, ఆ తర్వాత లేబుల్ మీదున్న గడువు దాటేదాకా, నాలుగు చన్నుల పాలూ పారబోయాలి. దూడలకి పోయకండి.

నలభై_ఈతలు (మధ్యాహ్నం 3:00)

ఒక్క చన్నులో మందు వేస్తే నాలుగు చన్నుల పాలూ ఎందుకు పారబోయాలి?

మూగజీవి_వైద్యం (మధ్యాహ్నం 3:20)

మందు పొదుగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మిగతా చన్నుల్లోకి వస్తుంది పెద్దాయనా. తక్కువే, కానీ పరీక్షలో పట్టుబడేంత.

మబ్బుల_వేళ (మధ్యాహ్నం 3:45)

తమ్ముడూ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. చన్నులు దేంతో తుడుస్తావు?

పదకొండావులు (సాయంత్రం 4:10)

...ఒక బకెట్టు వేడినీళ్ళు, ఒక గుడ్డ అక్కా. అన్నింటికీ అదే.

మబ్బుల_వేళ (సాయంత్రం 4:30)

అదే అనుకున్నా. నీ పాక్స్ పెచ్చులూ ఆ గుడ్డే పంచింది, ఆరియస్సూ ఆ గుడ్డే పంచింది. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను, నిన్ను అనడానికి నాకేం హక్కుంది. ఇప్పుడు ఆవుకో గుడ్డ, పూట అయ్యాక మరగబెట్టి ఆరేస్తా. పితికాక అయోడిన్ డిప్, అంటే చన్నుల్ని అయోడిన్ ద్రావణంలో ముంచడం. ఆ ద్రావణంలో గ్లిజరిన్ ఉన్నది తీసుకో, పుండ్లున్న తోలు పగలదు.

ఇంకోటి. పితికిన వెంటనే మేత వెయ్యి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది, అంతసేపూ నిలబడి తినాలి. పితికేముందు మేతంతా పెట్టేస్తే అవి పాలివ్వగానే వెళ్ళి రొచ్చులో పడుకుంటాయి.

మూగజీవి_వైద్యం (సాయంత్రం 5:00)

దీనికి నేను కలపాల్సింది ఒక్కటే, వరుస. ముందు మొదటి ఈతవి, తర్వాత సీఎంటీ శుభ్రంగా ఉన్నవి, తర్వాత పెచ్చులున్నవి, అన్నిటికంటే ఆఖరున ఆరియస్ ఆవు. కొన్ని చోట్ల ఈ ఒక్క మార్పుకే కొత్త కేసులు ఆగిపోవడం చూశాను. మందుతో నయమైందో లేదో మూడు వారాల తర్వాత శాంపిల్‌తో తేల్చాలి. అదీ ఒక్కసారి కాదు, వారం తేడాతో రెండు మూడుసార్లు. ఆరియస్ ఒకరోజు పాలల్లోకి వస్తుంది, ఒకరోజు రాదు.

పదకొండావులు (నలభయ్యో రోజు, ఉదయం 7:30)

ఆలస్యంగా రాస్తున్నా. చన్నుల పెచ్చులు అన్నీ రాలిపోయాయి. రెండో ఈత ఆవుకి రెండు శాంపిళ్ళూ శుభ్రం, మూడోది వచ్చే వారం. సీఎంటీలో పట్టుబడిన రెండింట్లో ఒకదానిది స్ట్రెప్ అగలాక్టియే అనే ఇంకో బాక్టీరియా అట, మామూలు పెన్సిలిన్ ట్యూబుకే లొంగింది.

ఎక్కువ పాలిచ్చే ఆవుది మాత్రం ఆరియస్. అయిదో ఈత, ముందు ఎడమ చన్ను, లోపల గడ్డలు తగులుతున్నాయి. ఆ చన్ను ఒక్కదాన్నీ ఎండగట్టేయమన్నారు. మూడు చన్నులతో పితుకుతున్నాను, ఆఖరున. పాలు అనుకున్నంత తగ్గలేదు. వట్టిపోయాక దాన్ని ఉంచాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. అది మా ఇంట్లో పుట్టిన దూడ.

నా వేలి బుడిపె రాలింది. గ్లోవ్స్ మొదలుపెట్టా గానీ చేతిలో జారిపోతున్నాయి, చన్ను పట్టు దొరకట్లేదు. మీరంతా ఎలా పితుకుతున్నారు?

గడ్డివామి (ఉదయం 7:50)

ఒక సైజు తక్కువది కొను అన్నా. తడిచేతుల మీద తొడక్కు.

నలభై_ఈతలు (ఉదయం 8:30)

సీఎంటీ పళ్ళెం ఒకటి తెప్పించుకున్నాను. పది సెకన్లంటే గడియారం చూసి లెక్కపెట్టాలా, అందాజుగా చాలా?